కొమ్మ పడింది

ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది. దాన్ని జీతం కాగితం తప్ప ఎవరూ వాడరు. ఊరందరికీ ఆయన అరగంట.

సబ్‌స్టేషన్‌లో ఫిర్యాదుల ఫోను దగ్గర ఇరవై రెండేళ్లుగా కూర్చుంటున్నాడు. ఎవరు ఫోను చేసి కరెంటు ఎప్పుడొస్తుందని అడిగినా ఒకటే జవాబు: అరగంటలో వచ్చేస్తుంది. పెళ్లింటివాళ్లు అడిగినా అరగంటే, చావింటివాళ్లు అడిగినా అరగంటే, రేపు పరీక్షంటూ ఏ పిల్లో ఏడుస్తూ అడిగినా అరగంటే. చిన్నా పెద్దా, పేదా గొప్పా తేడా లేకుండా అందరికీ సమానంగా అందిన ప్రభుత్వ సేవ ఆ ఊళ్లో అదొక్కటే.

ఆ మాట క్రమంగా ఊరి కొలతల్లో చేరిపోయింది. చొక్కా ఎప్పుడిస్తావని అడిగితే దర్జీ, "మామూలు అరగంటా, సబ్‌స్టేషన్ అరగంటా?" అనేవాడు. ఇంట్లో వంటయిందా అని ఆయన అడిగితే భార్య "అరగంట" అనేది. ఆయన ఇక నోరెత్తకుండా మంచినీళ్లు తాగి కూర్చునేవాడు.

అలాగని ఆయన అబద్ధాలకోరేం కాదు. దారిలో దొరికిన గొడుగు పట్టుకుని మూడురోజులు తిరిగి, దాని సొంతదారుని వెతికి మరీ ఇచ్చినవాడు. అరగంటని ఆయన బాగా ఆలోచించే ఎంచుకున్నాడు. పది నిమిషాలంటే జనం నవ్వుతారు. గంటంటే తిడతారు. అరగంటంటే మనిషి ఒక నిట్టూర్పు విడిచి, విసనకర్ర వెతుక్కుంటాడు. తన చేతిలో లేని కరెంటుకి బదులు ఆయన ఇవ్వగలిగింది ఆ కాస్త ఓర్పే.

ఆయన గది ఆరడుగుల వెడల్పుంటుంది. ఒక బల్ల, ఒక ఫోను, కాళ్లలో ఒకటి పొట్టిదైన కుర్చీ, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. గోడకి "ఇరవై నాలుగు గంటలూ నిరంతర విద్యుత్తు" అని రాసిన బోర్డు, దాని చుట్టూ రంగుబల్బులు. కరెంటు పోయినప్పుడు ముందు ఆరిపోయేవి ఆ బల్బులే. బల్ల మీద రిజిస్టరు. అందులో నాలుగు గళ్లు: కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, ఏయే వీధులు, కారణం.

చేరిన కొత్తలో ఆ నాలుగో గడిలో ఆయన నిజమే రాశాడు. కరెంటు చాలట్లేదు, పైనుంచి ఫోను చేసి ఆపమన్నారు, అని. మర్నాడు అప్పటి ఇంజనీరు, తల నెరిసిన పెద్దమనిషి, రిజిస్టరు చూసి పిలిచాడు.

"ఏవయ్యా, బట్టల కొట్టువాడు గుమ్మానికి 'బట్టల్లేవు' అని బోర్డు కట్టుకుంటాడా?"

"కట్టుకోడండి."

"మరి మనమెందుకు కట్టుకోవాలి?"

ఆ మాటని ఇంజనీరే కొట్టేసి, తన పెన్నుతో పక్కన రెండు ముక్కలు రాసిచ్చాడు: కొమ్మ పడింది. అంటే, తీగల మీద చెట్టుకొమ్మ పడి కరెంటు పోయింది. అదే గురూపదేశం.

తర్వాత అరగంట తన సొంత తెలివి కూడా కొంత వాడి చూశాడు. కాకి అని రాస్తే, ఆ చచ్చిన కాకేదని అడిగిన అధికారి తగిలాడు. గాలి అని రాస్తే వాతావరణం వాళ్ల లెక్కలు అడ్డొచ్చాయి. కొమ్మకి ఏ అడ్డూ లేదు. చెట్టుకి మెమో ఇవ్వలేరు, సంజాయిషీ అడగలేరు, బదిలీ అసలే చెయ్యలేరు. అంతకన్నా అనుకూలమైన దోషి ఏ ప్రభుత్వానికీ దొరకదు. ఆకు కదలని ఎండల్లో కూడా ఆయన రిజిస్టర్లో కొమ్మలు టపటపా రాలుతూనే ఉండేవి.

ఇలా సాగిపోతుండగా ఒక ఏడు బొగ్గు కరువొచ్చింది.

ఆ ఊరికి కరెంటొచ్చే దారి గురించి ఒక్కమాట చెప్పాలి. ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఒక ప్లాంటు. దానికి బొగ్గు ఇంకా దూరం నుంచి రైల్లో రావాలి. ఆ బొగ్గు కోసం అక్కడెవరివో ఇళ్లూ పొలాలూ తవ్విపారెయ్యాలి. ఆ రైలు ఎక్కడాగినా ఇక్కడ ఫ్యాను ఆగుతుంది. ఇంత పొడుగు తాడు కట్టి, దాని చివర ఊళ్లని వేలాడదీసి, దానికి నిరంతర విద్యుత్తు అని పేరు పెట్టారు. ఆ ఏడు తాడు తెగడం మొదలైంది. రోజూ పదింటికి పైనుంచి ఫోనొచ్చేది: మూడు గంటలు ఆపు, నాలుగు గంటలు ఆపు. ఆ ఆజ్ఞ నోటి మాటగానే వచ్చేది. కాగితం మీద ఎప్పుడూ రాలేదు. కాగితం మీద కొమ్మలే.

అరగంటకి ఒక్కతే కూతురు, చిట్టి. వాళ్ల వీధి చివర ఆరోగ్యకేంద్రంలో నర్సు. మూడు గదుల కేంద్రం. ముందు పెద్ద బాదంచెట్టు, దాని కింద బుధవారం పూట చంటిపిల్లలతో తల్లులు. లోపల టీకామందుల ఫ్రిజ్. అది రెండు డిగ్రీలకీ ఎనిమిది డిగ్రీలకీ మధ్యలోనే ఉండాలి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కరెంటు పోతే మరోసారి చిట్టి దానిలోని థర్మామీటరు చూసి రిజిస్టర్లో రాస్తుంది. ఎనిమిది దాటి కాసేపుంటే ఆ మందు పనికిరాదు, పారెయ్యాలి. అందుకని కరెంటు పోయినప్పుడు రెండే దారులు. కొద్దిసేపే అయితే ఫ్రిజ్ తలుపు తియ్యకూడదు, చల్లదనం లోపలే నిలుస్తుంది. ఎక్కువసేపయితే వెంటనే తీసి, మందంతా ఐసు పెట్టెలోకి మార్చెయ్యాలి. ఏది చెయ్యాలో తేల్చుకోవాలంటే ఒక్క సంగతి తెలియాలి: కరెంటు ఎప్పుడొస్తుంది?

ఒక బుధవారం పదింటికి కరెంటు పోయింది. చిట్టి ఫోను చేసింది. నాన్నా నేనే, ఎంతసేపు, అని అడిగింది. నాలుగు గంటలు ఆపమని పైవాళ్లు చెప్పిన మాట అప్పటికి ఆయన చెవిలో ఇంకా చల్లారనేలేదు. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు. చెవి కూతురి గొంతుని గుర్తుపట్టేలోపే నోరు ఫోనుని గుర్తుపట్టేసింది.

"అరగంట," అన్నాడు.

ఊళ్లో ఆ అరగంటని నమ్మిన మనిషి ఆ రోజు ఒక్కతే. కూతురికైనా నాన్న నిజం చెబుతాడనుకుని చిట్టి ఫ్రిజ్ తలుపు తియ్యలేదు. అరగంట చూసింది, గంట చూసింది, వస్తుందిలే అని మరికాస్త చూసింది. ఆ తర్వాత థర్మామీటరు పద్నాలుగు చూపించింది. బాదంచెట్టు కింద నలభైమంది తల్లులు. ఒకావిడ ఇటుకబట్టీ పని మానుకుని రెండు మైళ్లు నడిచొచ్చింది. వచ్చే బుధవారం రమ్మని అందరినీ చిట్టి తిప్పి పంపింది. మందు పారేసింది. రిజిస్టర్లో రాసింది: పద్నాలుగు డిగ్రీలు, నాలుగు గంటలు కరెంటు లేదు.

సరిగ్గా ఆ రోజే, ఆ టైముకే, వాళ్ల నాన్న రిజిస్టర్లో కొమ్మ పడింది.

ఆ సాయంత్రం ఇంట్లో చిట్టి మందు పారేసిన సంగతి చెప్పి, లేచి వెళ్లిపోయింది. తిడితే బాగుండునని ఆయనకి అనిపించింది. వారం తిరక్కుండా ఆమె ఒక అర్జీ రాసింది. కరెంటు సరిగా ఉండని చోట ఆరోగ్యకేంద్రాల కప్పు మీద సౌరపలకలు పెట్టించే పథకం ఒకటుంది. పగలు పలకలు, రాత్రికి బ్యాటరీ, ఫ్రిజ్ ఆగదు. ఆ అర్జీని అరగంటే స్వయంగా పెద్ద తపాలాఫీసుకి తీసుకెళ్లి వేసొచ్చాడు. తన పాపానికి తపాలా బిళ్లతో పరిహారం జరిగిపోయిందనుకున్నాడు.

నెలన్నరకి జవాబొచ్చింది. చిట్టి దాన్ని బల్ల మీద ఆయన ముందు పరిచింది. సారాంశం ఇది. మీ విన్నపాన్ని విద్యుత్ శాఖకి పంపి విచారించాం. మీ ప్రాంతంలో కరెంటు కొరత లేదని శాఖ ఆధారాలతో తెలిపింది. ఏడాదిలో అంతరాయాలు రెండువందల పదకొండు. అందులో నూటతొంభై ఆరు చెట్టుకొమ్మల వల్ల. కాబట్టి సౌరపలకలు అవసరం లేదు. శాశ్వత పరిష్కారంగా తీగల పక్కనున్న చెట్లన్నీ కొట్టెయ్యమని ఉత్తర్వులిచ్చాం. ఆధారాల జిరాక్సులు జతపరిచాం.

జిరాక్సుల నిండా గుండ్రటి, ముచ్చటైన చేతిరాత.

"నాన్నా, ఆ బుధవారం పదింటికి మా వీధిలో ఏ కొమ్మ పడింది?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ రాతని ఎవరిదో అన్నట్టు చూశాడు. "అదంతా మామూలేనమ్మా. అందరూ అలాగే రాస్తారు."

"నేను రాయను," అంది చిట్టి. "పద్నాలుగంటే పద్నాలుగే రాస్తా. ఏడని రాసినా నన్ను అడిగేవాళ్లు లేరు. కానీ ఆ సూది ఏ బిడ్డ చేతిలో దిగుతుందో నాకు తెలుసు. నువ్వొక్కసారి నిజం రాసివ్వు. మళ్లీ అర్జీ పెడతా."

ఆయన రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఇప్పుడు నిజం రాస్తే, మరి ఇన్నాళ్లూ రాసిందేమిటని అడుగుతారు. పెన్షనుకి మోకాలడ్డుతారు. ఈ ముసలితనంలో ఉద్యోగం మీదకి తెచ్చుకోవాలా అని గొణిగాడు. పొయ్యి దగ్గర్నుంచి భార్య అందుకుంది.

"రాస్తే ఏమవుద్దంట? ఉద్యోగం ఎప్పుడు పోతుంది, అరగంటలోనా? నువ్వు చెప్పే అరగంటైతే మనకి బోలెడు టైముంది."

ఆయన తేల్చుకోలేదు. ఆయన తేల్చుకునే లోపు రంపాలొచ్చాయి.

ప్రభుత్వంలో ఏ పనైనా ఆలస్యమవుతుందనేవాళ్లు ఆ నాలుగు రోజులూ చూడాల్సింది. సౌరపలకకి లేదని చెప్పడానికి నెలన్నర పట్టింది. రోడ్డుకి రెండువైపులా ముప్పై ఏళ్ల చెట్లు నాలుగు రోజుల్లో మోడులయ్యాయి. ఆరోగ్యకేంద్రం ముందు బాదంచెట్టు మూడో రోజు మధ్యాహ్నం పడింది. ఆ చెట్టు కొమ్మ ఏనాడూ తీగని తాకలేదు. తాకాల్సిన పని లేకుండా ఆయన రిజిస్టర్లో అది యాభైసార్లు పడింది.

లైన్‌మ్యాను, నలభై ఏళ్ల మనిషి, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తాడు. మోడు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. "బాబాయ్, నువ్వు ఉడతలని రాసున్నా బాగుండేది. ఉడతల్నైతే ఇలా నరకలేకపోయేవాళ్లు."

అరగంట నవ్వలేదు.

నీడ పోయింది. ఇళ్ల గోడలు సాయంత్రం దాకా పెనంలా కాగాయి. ఫ్యాను లేనివాళ్లు ఫ్యాను కొన్నారు, ఫ్యానున్నవాళ్లు కూలరు కొన్నారు, కూలరున్నవాళ్లు ఏసీ బిగించారు. వాడకం పెరిగింది, మూడు గంటల కోత రోజూ నాలుగు గంటలైంది. కరెంటు పోవడానికి చెట్లే కారణమని ఇరవై రెండేళ్లు కష్టపడి రుజువు చేశాడాయన. చెట్లు పోయాక కరెంటు ఇంకా ఎక్కువ పోయింది. బుధవారం తల్లులు కేంద్రం గోడకి అతుక్కుని, జానెడు నీడతోపాటు గడియారం ముల్లులా జరుగుతూ నిలబడేవాళ్లు.

ఒక బుధవారం మామూలుగానే పదింటికి పైనుంచి ఫోనొచ్చింది. నాలుగు గంటలు. ఆపమన్న వీధులకి కరెంటు ఆపి, వచ్చి కూర్చుని రిజిస్టరు తెరిచాడు. నాలుగో గడిలో 'కొ' రాశాడు. పెన్ను ఆగింది. కిటికీలోంచి రోడ్డు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా కనిపిస్తోంది. అంతకుముందెన్నడూ అలా కనిపించలేదు. కనుచూపుమేరలో ఆకన్నది లేదు.

ఫోను మోగింది. చిట్టి. ఎంతసేపు అని ఈసారి ఆమె అడగనుకూడా లేదు. ఊరికే పట్టుకుని ఉంది. వెనక చంటిపిల్లల ఏడుపు వినపడుతోంది.

"నాలుగు గంటలమ్మా," అన్నాడు. "మందు పెట్టెలోకి మార్చెయ్."

అవతల ఫ్రిజ్ తలుపు తీసిన చప్పుడు.

'కొ' ని కొట్టేసి ఆయన నిదానంగా, గుండ్రంగా రాశాడు: కరెంటు లేదు. పదింటికి పైనుంచి ఫోను చేసి నాలుగు గంటలు ఆపమన్నారు. చేసినవారి హోదా కూడా రాశాడు.

నోరొకసారి తెరుచుకుంటే మూసుకోవడం కష్టం. ఆ రోజు అడిగిన ప్రతివాళ్లకీ నాలుగు గంటలనే చెప్పాడు. దర్జీ ఒంట్లో బాలేదా అండీ అని పరామర్శించాడు. ఊరు తన పాత కొలత ప్రకారం లెక్కేసుకుంది: ఆయన అరగంటంటే మూడు గంటలు, అలాంటిది నాలుగు గంటలన్నాడంటే ఒక పగలూ ఒక రాత్రీ. బిందెలు నిండాయి. కొవ్వొత్తులు అయిపోయాయి. నిజం చెప్పినందుకు ఊళ్లో పుట్టిన కంగారు ఇరవై రెండేళ్ల అబద్ధాలకి ఎన్నడూ పుట్టలేదు. సరిగ్గా రెండింటికి కరెంటొచ్చేసరికి, ఏదో ఘోరం జరిగుంటుందని కొందరు బయటికొచ్చి చూశారు.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. పాత పెద్దమనిషి ఎప్పుడో వెళ్లిపోయాడు. ఇతను కుర్రవాడు, మంచివాడే, పైవాళ్లంటే భయస్థుడు. రిజిస్టరు చూసి, చేతిలోని ఫైలుతో విసురుకుంటూ నిలబడ్డాడు.

"ఇది కొట్టేసి మామూలుగా రాసెయ్యండి."

"మామూలుగా అంటే ఏంటి సార్?"

"కొమ్మ."

"చెట్టేది సార్?"

ఇద్దరూ కిటికీలోంచి చూశారు.

"పోనీ, ఉడత."

"చెట్టు లేనిదే ఉడతెక్కడుంటుంది సార్?"

"గాలని రాయండయ్యా."

"గాలుంటే మీరు ఫైలుతో విసురుకునేవారు కాదు కద సార్," అన్నాడు అరగంట, ఎంతో మర్యాదగా.

ఇంజనీరు విసురుకోవడం ఆపాడు. నేను రిపోర్టు రాయక తప్పదు, ఏమీ అనుకోకండి, అని వెళ్లిపోయాడు.

పదిరోజుల్లో మెమో వచ్చింది. అందులో తర్కం గట్టిదే. ఇప్పుడు రాసింది నిజమైతే ఇరవై రెండేళ్లు రాసింది అబద్ధమవుతుంది. అది నిజమైతే ఇది అబద్ధమవుతుంది. ఏది అబద్ధమో తేల్చి, దానికి మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పండి. అంటే తల తనే తెచ్చివ్వాలి, కత్తి కూడా తనే ఎంచుకోవాలి.

జవాబు రాయడానికి ఆయనకి ఒక ఆదివారం పట్టింది. చిట్టి తన ఫ్రిజ్ రిజిస్టరు తెచ్చింది. తండ్రీకూతుళ్లు రెండు రిజిస్టర్లనీ పక్కపక్కన పెట్టి తేదీలు చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన కొమ్మ పడిన ప్రతి రోజూ ఆమె థర్మామీటరు పైకెక్కింది. గాలి లేని రోజు ఎక్కింది, వాన లేని రోజు ఎక్కింది, చెట్లు లేని రోజు కూడా ఎక్కింది. ఎండలు ముదిరేకొద్దీ ఎక్కువ ఎక్కింది. పాదరసానికి ఏ ఇంజనీరూ గురూపదేశం చెయ్యలేదు. ఆ పేజీల జిరాక్సులు జతచేసి ఆయన నాలుగే వాక్యాలు రాశాడు. ఇన్నాళ్లు రాసిన చేతిరాత నాది, మాట నాది కాదు. ఇప్పుడు రాసినవి రెండూ నావే. పడని కొమ్మలకి చెట్లని శిక్షించారు, ఇక మిగిలింది నేనే. మా ఊరికి కరెంటు చాలట్లేదు. ఒక నకలు తన శాఖకి, ఒక నకలు చిట్టి రెండో అర్జీతో. తపాలాకి ఈసారి కూడా ఆయనే వెళ్లాడు.

శాఖ తన పని వేగంగానే చేసింది. ఆయన్ని ఫోను దగ్గర్నుంచి తీసేసి పాత మీటర్ల షెడ్డుకి పంపారు. ఆ కుర్చీలోకి కొత్తగా వచ్చినవాడు అడిగినవాళ్లకి పది నిమిషాలని చెబుతున్నాడు. దాన్నే ప్రగతి అంటారు కాబోలు. రిటైరైన రోజున ఎవరూ ఒక టీ కూడా పొయ్యలేదు. పెన్షను కాగితం విచారణలో ఉంది. ఎప్పుడవుతుందని వెళ్లి అడిగితే గుమాస్తా తలెత్తకుండా, వారంలో అయిపోతుందండి అన్నాడు. అరగంట ఆ గొంతులో పనితనాన్ని గుర్తుపట్టి, మనసులోనే మెచ్చుకుని బయటికొచ్చాడు. ఆ వారం ఇంకా జరుగుతూనే ఉంది. ఈలోగా శాఖ పచ్చదనం పేరుతో రోడ్డుపక్క మొక్కలు నాటించింది, సరిగ్గా తీగల కింద. పదేళ్లలో నాలుగో గడికి మళ్లీ కరువుండదు.

చిట్టి రెండో అర్జీకి మాత్రం మనిషొచ్చాడు. ఆరోగ్యశాఖ తరఫున ఒకతను నిచ్చెనెక్కి కప్పంతా కొలిచి, కాగితం మీద రాశాడు: పైకప్పు మీద ఏ మూలా నీడ లేదు, చాలా అనువైన చోటు. చిట్టి ఆ వాక్యం చదివి, బయట బాదం మోడు వైపు చూసి, సంతకం పెట్టింది. రెండు నెలలకి పలకలొచ్చాయి.

ఆ కప్పు కట్టిన నాటి నుంచీ దాని మీద ఎండ పడుతూనే ఉంది. రైలెక్కి రాలేదు, ఎవరి పొలమూ తవ్వి తేలేదు, సూర్యుడు ఎప్పుడొస్తాడని ఎవరూ ఎక్కడికీ ఫోను చెయ్యనక్కర్లేదు. దాన్ని పట్టుకోవడానికి ముందు ఊరి చెట్లన్నీ కొట్టేసి, ఒక మనిషి పెన్షను ఆపాల్సి వచ్చింది. ఊళ్లో మిగతా కప్పులు ఇంకా ఊరికే కాలుతున్నాయి. వాటికి కొరత లేదని రుజువు చేసే రిజిస్టర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో.

ఇప్పుడు బుధవారాలు ఆయన కేంద్రానికి వెళ్లి తల్లులకి చీటీలు రాసిస్తాడు. మొన్న పదింటికి ఊరంతా కరెంటు పోయింది. ఎదురుగా దర్జీ మిషను ఆగింది, వీధిలో ఫ్యాన్ల హోరు సద్దుమణిగింది. ఇటుకబట్టీ ఆవిడ చంటిదాన్ని చంకనేసుకుని అప్పుడే మెట్లెక్కుతోంది. ఆయన్ని చూడగానే ఆమె మొహం వాడిపోయింది.

"కరెంటు ఎప్పుడొస్తుంది బాబాయ్?"

ఆయన నోరు తనంతట తనే తెరుచుకుంది. "అర..." దగ్గర ఆగింది. లోపల ఫ్రిజ్ సన్నగా మూలుగుతోంది.

"ఇక్కడ పోలేదమ్మా," అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఒక్క క్షణం తేరిపార చూసింది. తర్వాత ఆయన్ని దాటుకుని లోపలికి వెళ్లి, ఫ్రిజ్ మీద చెయ్యి పెట్టి చూసుకుంది.